యమాటో మానేసి ఏం కట్టాల్సింది?

రెండో ప్రపంచ యుద్ధపు నౌకల గురించి వాదించుకునేవాళ్ళకి ఇష్టమైన ఆట ఒకటుంది. 1937లో జపాన్ నౌకాదళం బడ్జెట్టూ, ఉక్కూ, షిప్‌యార్డులూ నీ చేతిలో పెడితే ఏం కడతావు? చాలామంది క్షణం ఆలోచించకుండా చెప్పే జవాబు ఒకటే: యమాటో, ముసాషీ బాటిల్‌షిప్పుల్ని రద్దు చేస్తాం, ఆ సొమ్ముతో విమానవాహక నౌకలు కడతాం. యుద్ధం ఎలా ముగిసిందో తెలిశాక ఎవరైనా చెప్పగలిగే జవాబిది. నేను ఒప్పుకోను. బాటిల్‌షిప్పులు దండగే, అందులో పేచీ లేదు. కానీ వాటి బదులు విమానవాహక నౌకలు కట్టినా జపాన్ అదే గోతిలో, కాస్త అటూఇటూగా అదే సమయానికి పడేది. కట్టాల్సినవి వేరే ఉన్నాయి. ఎవరూ బొమ్మ గీసి గోడకి తగిలించుకోని ఓడలవి, వెయ్యి టన్నులు కూడా తూగని కాపలా ఓడలు.

ముందు యమాటో సంగతి చూద్దాం. 1937 నవంబరు 4న కురే షిప్‌యార్డులో దాని కీల్ (అడుగు దూలం) వేశారు. పూర్తి బరువుతో సుమారు 72,000 టన్నులు. 46 సెంటీమీటర్ల ఫిరంగులు తొమ్మిది. ఒక్కో గుండు దాదాపు ఒకటిన్నర టన్ను, 42 కిలోమీటర్ల దూరం పోతుంది. దీన్ని పిచ్చి అని కొట్టిపారేయడం సులువే గానీ, వెనక ఒక లెక్క ఉంది. 1922 వాషింగ్టన్ ఒప్పందం ప్రకారం అమెరికా, బ్రిటన్, జపాన్‌ల పెద్ద యుద్ధనౌకల నిష్పత్తి 5:5:3. సంఖ్యలో ఎలాగూ అందుకోలేం కాబట్టి ఒక్కో ఓడ అవతలివాడి ఓడని మించిపోవాలి అనుకున్నారు. అమెరికా ఓడలు పనామా కాలువలో పట్టాలి. ఆ లాకుల వెడల్పు సుమారు 33.5 మీటర్లు. అంత పెద్ద ఫిరంగులు మోసే ఓడ ఆ వెడల్పులో ఇమడదని జపాన్ ఇంజనీర్లు లెక్కకట్టారు. యమాటో వెడల్పు దాదాపు 39 మీటర్లు. కాగితం మీద తెలివైన ఆలోచనే.

దాన్ని రహస్యంగా ఉంచడానికి పడ్డ పాట్లు ఇంకో కథ. పార్లమెంటుకి చూపించిన బడ్జెట్‌లో ఎప్పటికీ కట్టబోని డిస్ట్రాయర్ల పేరు మీద డబ్బు రాయించారు. నాగసాకిలో ముసాషీ కడుతుంటే కొండల మీది ఇళ్ళకి కనపడకుండా నారతో అల్లిన పెద్ద పెద్ద తెరలు కట్టారు. అందుకోసం కొన్న నార ఎంతంటే చేపలు పట్టేవాళ్ళకి తాళ్ళకి కరువొచ్చిందట.

ఇంతా చేసి కట్టిన ఓడ ఊరి రథంలా అయింది. ఏడాదంతా షెడ్డులో, బయటికి తీస్తే ఊరంతా తోడు రావాలి. 1942 ఆగస్టు నుంచి పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి చుట్టూ నెలల తరబడి రాత్రిపూట నౌకాయుద్ధాలు జరుగుతుంటే యమాటో ట్రక్ దీవిలోని జపాన్ స్థావరంలో లంగరేసి కూర్చుంది. నూనె ఖర్చు, పోతే మళ్ళీ రాదన్న భయం. దానికి ‘యమాటో హోటల్’ అని జపాన్ నావికులే పేరు పెట్టారు. అక్కడ నిజంగా పోరాడినవి కాంగో తరగతి ఓడలు. మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, వాటిలో మొదటిది ఇంగ్లండులో కట్టించినది. యమాటో శత్రు నౌకల మీద పెద్ద ఫిరంగులు పేల్చింది ఒక్కసారే, 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్‌లోని సమార్ దీవి దగ్గర. 1945 ఏప్రిల్ 7న ఒకినావా దారిలో సుమారు మూడు వేలమందితో మునిగిపోయింది.

సరే, ఇది కట్టకుండా ఉండాల్సింది. మరి విమానవాహక నౌకల మాట?

ఇక్కడ నాకు 1942 మే నెల గుర్తొస్తుంది. కోరల్ సముద్ర యుద్ధంలో షోకాకు అనే జపాన్ విమానవాహక నౌక బాంబులు తిని దెబ్బతింది. దాని జత ఓడ జుయికాకుకి గీత కూడా పడలేదు. అయినా నెల తిరక్కుండా జరిగిన మిడ్‌వే యుద్ధానికి అది వెళ్ళలేదు. కారణం, దాని మీది విమానాలూ పైలట్లూ చాలావరకు పోయారు. యుద్ధానికి సిద్ధంగా ఉన్న నౌక స్వదేశపు రేవులో ఖాళీగా నిలబడింది. అంటే యుద్ధం మొదలై ఆరు నెలలైనా కాకముందే జపాన్‌కి కొరత వచ్చింది డెక్కులకి కాదు, డెక్కు మీద దిగగలిగే మనుషులకి. ఆ తరవాత ఈ కొరత ముదిరిందే గానీ తగ్గలేదు. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధానికి జపాన్ తొమ్మిది విమానవాహక నౌకల్ని తెచ్చింది. రెండు రోజుల్లో మూడు వందలకి పైగా విమానాలు పోయాయి. అక్టోబరులో లేతే యుద్ధానికి అడ్మిరల్ ఒజావా నాలుగు విమానవాహక నౌకలతో బయలుదేరాడు. ఆ నాలుగింటి మీదా కలిపి వంద పైచిలుకు విమానాలే ఉన్నాయి. వాటిని ఎరగా వాడారు. నాలుగూ మునిగాయి, జుయికాకుతో సహా.

యమాటో, ముసాషీ బదులు ఇంకో మూడు నాలుగు షోకాకులు ఉంటే? మొదటి ఏడాది ఉపయోగం ఉండేది, కాదనను. కానీ ఒక్కో షోకాకుకి 70కి పైగా విమానాలు కావాలి, వాటికి ఏళ్ళ తరబడి తర్ఫీదు పొందిన పైలట్లు కావాలి. యుద్ధానికి ముందు జపాన్ నౌకాదళం పైలట్లని వడపోసి వడపోసి గుప్పెడుమందిని తయారుచేసేది. ఆ పద్ధతి మారకుండా డెక్కులు పెంచితే జుయికాకు లాంటి ఖాళీ ఓడలు పెరుగుతాయి, అంతే. అవతలివైపు అమెరికా యుద్ధం ముగిసేలోపు ఎసెక్స్ తరగతి పెద్ద నౌకలే 17 సేవలోకి తెచ్చింది. చిన్నవి కూడా కలిపితే వందకి పైగా కట్టింది. ఆ పరుగులో ఇంకో నాలుగు కలిపి గెలుస్తాననుకోవడం కూడా యమాటో లాంటి ఆలోచనే, ఓడ రకం మారిందంతే.

జపాన్ బతికేది సరుకు ఓడల మీద. నూనె, ఇనుప ఖనిజం, బాక్సైట్, రబ్బరు, బియ్యంలో పెద్ద భాగం, అన్నీ సముద్రం దాటి రావాల్సిందే. 1941 ఆగస్టులో ఆంక్షలు పెట్టేదాకా నూనెలో సుమారు 80 శాతం అమెరికా నుంచే కొనేది. ఆ నూనె ఆగిపోయిందనే కదా ఇండోనేషియా దీవుల నూనెబావుల కోసం యుద్ధానికి దిగింది. బావులు పట్టుకుంటే సరిపోదు, సుమత్రా నుంచి జపాన్‌కి నూనె మోసుకురావాలి. దారి పొడవునా అమెరికా జలాంతర్గాములు. ఈ మొత్తం పథకం ట్యాంకర్ల మీద నిలబడి ఉంటే, ఆ ట్యాంకర్లకి కాపలా కాయడానికంటూ ప్రత్యేకంగా కట్టిన ఆధునిక ఓడలు 1941 డిసెంబరులో ఎన్ని ఉన్నాయి? నాలుగు. షిముషు, కునాషిరి, హచిజో, ఇషిగాకి.

అవి కూడా నిజానికి ఆ పనికోసం పుట్టినవి కావు. ఉత్తరాన కురిల్ దీవుల దగ్గర రష్యన్లతో చేపల వేట తగాదాలుండేవి. అక్కడ కాపలాకి 1937 పథకంలో వీటిని మంజూరు చేశారు. ఒక్కోటి 860 టన్నులు. కైబోకన్ అనే ఈ తరగతికి నీటి పైన పోట్లాడటానికి 12 సెంటీమీటర్ల ఫిరంగులు మూడు ఇచ్చారు. జలాంతర్గాముల మీద వేసే డెప్త్ చార్జీలు మాత్రం మొదట్లో చాలా తక్కువ. దీని తరవాతి తరగతి ఓడ మొదటిది చేతికొచ్చేసరికి 1943 వచ్చేసింది. యుద్ధం ముగిసేలోగా ఈ రకం ఓడలు సుమారు 170 కట్టారు, అందులో ఎక్కువ భాగం 1944 తరవాతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

వాళ్ళకి తెలియక ఇలా జరిగిందంటే నేను నమ్మను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, జపాన్ డిస్ట్రాయర్లు మధ్యధరా సముద్రానికి వెళ్ళి మాల్టాలో మకాం పెట్టి, మిత్రదేశాల ఓడలకి కాపలా కాశాయి. సకాకి అనే డిస్ట్రాయర్‌ని ఆస్ట్రియా జలాంతర్గామి టార్పెడోతో కొడితే 59 మంది పోయారు. జలాంతర్గాములు ఒక దీవి దేశం గొంతు ఎలా నొక్కుతాయో, కాన్వాయ్ కట్టి తిప్పితే ఆ పట్టు ఎలా సడలుతుందో దగ్గరుండి చూసిన నౌకాదళం అది. తిరిగొచ్చాక ఆ అనుభవం నివేదికల్లో ఉండిపోయింది. కాపలా ఉద్యోగం చేసినవాడికి ప్రమోషన్ ఏముంటుంది? త్సుషిమాలో రష్యా నౌకాదళాన్ని రెండు రోజుల్లో ముంచిన అడ్మిరల్ టోగోలా పేరు తెచ్చుకోవాలని ప్రతి ఆఫీసరుకీ ఉండేది. 1905 నాటి ఆ గెలుపు జపాన్ నౌకాదళానికి చేసిన చెడుపు ఏ ఓటమీ చేయలేదనిపిస్తుంది నాకు.

కాపలా లేని సరుకు ఓడలకి ఏ గతి పడుతుందో జపానే మనవాళ్ళ కళ్ళముందు చేసి చూపించింది. 1942 ఏప్రిల్ మొదటి వారంలో బంగాళాఖాతంలోకి ఒజావా ఒక చిన్న దళంతో వచ్చాడు, పైన చెప్పిన ఆ ఒజావాయే. ఆరు క్రూయిజర్లు, కొన్ని డిస్ట్రాయర్లు, రూజో అనే చిన్న విమానవాహక నౌక. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసింది రూజో విమానాలే. ఆ రెండు మూడు రోజుల్లోనే తీరం వెంబడి విడివిడిగా పోతున్న సరుకు ఓడలు ఇరవై దాకా మునిగాయి. రేవుల్లో రాకపోకలు స్తంభించాయి, తీరపు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. బర్మాలోని రంగూన్‌లో పనిచేసే మన తెలుగు కూలీలకి సముద్రం దారి అప్పటికే మూసుకుపోయింది, వేలమంది అడవుల వెంట నడిచి వచ్చారు. ఇదంతా చేసినవాటిలో యమాటో లేదు. వాషింగ్టన్ ఒప్పందం లెక్కలోకి రాకుండా పదివేల టన్నుల లోపు కడదామని మొదలుపెట్టి, 1930 లండన్ ఒప్పందంలో ఆ సందు మూసేస్తే, పైన ఇంకో అంతస్తు కట్టి బరువెక్కించుకున్న రూజో ఉంది. ఇంత సులువుగా అవతలివాడి ఓడల్ని ముంచిన నౌకాదళానికి, రేపు మన ఓడల గతీ ఇదే కదా అని అనిపించకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అనిపించేలోపు రెండేళ్ళ గడువు కూడా దొరికింది. అమెరికా మార్క్ 14 టార్పెడోలు మొదట్లో పనికిరానివి. చెప్పిన లోతుకంటే కిందికి పోయేవి, ముందే పేలేవి, తగిలినా పేలేవి కావు. అన్ని లోపాలూ సరిచేసేసరికి 1943 సెప్టెంబరు. ఆ గడువంతా జపాన్ సరుకు ఓడలు చాలావరకు ఒంటరిగానే తిరిగాయి. ఆ తరవాత జరిగింది ఊచకోత. 1944 ఒక్క ఏడాదిలో 35 లక్షల టన్నులకి పైగా సరుకు ఓడలు పోయాయి. యుద్ధం మొదట్లో జపాన్‌కున్నవే సుమారు 60 లక్షల టన్నులు.

ఇక నా పథకంలోని చిక్కులు నేనే చెప్పాలి. ఒక్క యమాటో టన్నులతో డెబ్బైకి పైగా షిముషులు వస్తాయని లెక్క వేసి చూపించేవాళ్ళున్నారు. ఆ భాగహారం వట్టిది. 41 సెంటీమీటర్ల మందం కవచం పోతపోసే కొలిమి డీజిల్ ఇంజన్ తయారుచేయదు. నిజానికి డీజిల్ దగ్గరే జపాన్ పెద్దగా ఇరుక్కుంది. యమాటోకి కూడా మొదట కొంత డీజిల్ పెడదామనుకుని, వేరే ఓడల్లో ఆ ఇంజన్లు ఇబ్బంది పెట్టడంతో మానేశారు. కాపలా ఓడలు వందల్లో కావాలంటే 1935 నుంచే ఇంజన్ కార్ఖానాల మీద డబ్బు పెట్టాలి. షిముషు డిజైన్ కూడా అవసరానికి మించిన సొగసుతో ఉండేది. ప్రతి వంపూ చెక్కినట్టు ఉండాలన్న పట్టుదల, దానికి పట్టే పని గంటలు. యుద్ధం చివర్లో సి, డి రకాలు కట్టినప్పుడు ఆ వంపులన్నీ తీసేసి బల్లపరుపు పలకలతో, ముక్కలు ముక్కలుగా కట్టి అతికించారు. 16, 17 నాట్ల వేగం వస్తే చాలనుకున్నారు. సరుకు ఓడ పక్కన నడిచేదానికి అంతకంటే దేనికి? ఆ ఇంగితం 1938లో వచ్చి ఉంటే చాలు.

నేనైతే యమాటో, ముసాషీల మీద కూడా పంతం పట్టను. ఆ రెండూ ఆపితే అడ్మిరల్స్ తిరగబడేవాళ్ళు, అది జరిగే పని కాదు. 1939 పథకంలో ఇంకో రెండు రాశారు చూడండి, వాటిని కొట్టేస్తాను. అందులో ఒకటి షినానో. మిడ్‌వే తరవాత దాన్ని విమానవాహక నౌకగా మార్చి, 1944 నవంబరు 19న సేవలోకి తీసుకుంటే, పదో రోజున ఆర్చర్‌ఫిష్ అనే జలాంతర్గామి నాలుగు టార్పెడోలతో ముంచేసింది. రెండోది మూడోవంతు కూడా పూర్తికాకుండానే ముక్కలు చేశారు. కిటకామి, ఓయి అనే పాత క్రూయిజర్లకి చెరో 40 టార్పెడో గొట్టాలు పెట్టించారు, అంతా తేల్చేసే ఒక్క మహా నౌకాయుద్ధం రోజు కోసం. ఆ రోజు రాలేదు, ఆ గొట్టాల్లోంచి అనుకున్న పద్ధతిలో ఒక్క టార్పెడో వెళ్ళలేదు. వీటన్నిటికీ పోసిన మనుషుల్నీ, డాకుల్నీ, రాగినీ కాపలా ఓడలకీ, ట్యాంకర్లకీ, మరమ్మతు యార్డులకీ మళ్ళిస్తే 1942లో నలభై యాభై కైబోకన్లు తిరుగుతూ ఉండేవని నా అంచనా. సోనారూ రాడారూ నాసిగా ఉన్నా, అమెరికా వాళ్ళు కాన్వాయ్ రహస్య సంకేతాలు చదివేస్తున్నా, ఒంటరి ఓడకంటే అది నయమే.

ఇంతకంటే చౌకైన దారి కూడా ఒకటుండేది, దానికి రేకు ముక్క కూడా అక్కర్లేదు. ఒప్పందంలో కొనసాగడం. 5:5:3 అవమానమని జపాన్‌లో ఒక వర్గం గుండెలు బాదుకుంది గానీ, ఆ నిష్పత్తి అమెరికా చేతులు కూడా కట్టింది. 1921లో వాషింగ్టన్ వెళ్ళిన నౌకాదళ మంత్రి కాటో టొమొసబురో ఈ సంగతి సూటిగానే రాయించాడు: అమెరికాతో యుద్ధానికి డబ్బు కావాలి, ఆ డబ్బు అప్పిచ్చే దేశం అమెరికా ఒక్కటే, కాబట్టి ఆ యుద్ధం కుదరదు. అతని తరవాతివాళ్ళు 1936 చివరికల్లా ఒప్పందాల్లోంచి బయటికొచ్చారు. 1940 జులైలో అమెరికా కాంగ్రెస్ ఒక్క చట్టంతో 13 లక్షల టన్నులకి పైగా కొత్త యుద్ధనౌకలు మంజూరు చేసింది. అమెరికాకి పది ఉంటే మనకి ఆరా, ఏడా అని పేచీ పెట్టుకున్నవాళ్ళకి చివరికి దక్కింది అందులో సగం కూడా కాదు.

మరి ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకు చేయలేదు? నా ఉద్దేశం ఇది. వంద కాపలా ఓడలకి డబ్బు అడగాలంటే, యుద్ధం మూడు నాలుగేళ్ళు సాగుతుందని బడ్జెట్ కాగితం మీద రాయాలి. అలా రాస్తే, మూడు నాలుగేళ్ళు అమెరికాతో ఎలా తట్టుకుంటారని సైన్యమూ, ఆర్థిక శాఖా అడుగుతాయి. దానికి జవాబు లేదు. ఒక్క దెబ్బతో తేల్చేస్తామంటేనే నౌకాదళానికి ఉక్కులో వాటా దొరుకుతుంది. ఒక్క దెబ్బకి కావాల్సింది యమాటో, లేకపోతే షోకాకు. షిముషు కాదు. అందుకే బాటిల్‌షిప్ పక్షమూ, విమానాల పక్షమూ ఎంత కొట్టుకున్నా రెండూ ఒకే అబద్ధం నీడలో నిలబడి కొట్టుకున్నాయంటాను.

ఈ మాటల్లో చాలాభాగం అప్పుడే చెప్పిన మనిషి ఒకడున్నాడు. ఇనోవే షిగెయోషి, నౌకాదళ విమాన విభాగం అధిపతి. 1941 జనవరిలో నౌకాదళ మంత్రి ఓయికావాకి ఒక పత్రం ఇచ్చాడు. జపాన్ అమెరికాని ఓడించలేదు, వాషింగ్టన్‌ని ఆక్రమించలేదు, అమెరికా మాత్రం జపాన్‌ని దిగ్బంధించగలదు, ఆక్రమించగలదు. బాటిల్‌షిప్పులు మానండి, దీవుల మీద విమాన స్థావరాలు పెట్టండి, సరుకు దారులు కాపాడుకోండి అని అందులో ఉంది. విమానాల మనిషే గానీ విమానవాహక నౌకల్ని కూడా అతను పెద్దగా నమ్మలేదు, దీవులైతే మునగవు కదా అన్నాడు. ఆ పత్రాన్ని ఎవరూ అమలు చేయలేదు. ఆగస్టులో అతన్ని నాలుగో నౌకాదళానికి అధిపతిని చేసి ట్రక్ దీవికి పంపేశారు.

జపాన్ అతని మాట విని ఉంటే బాగుండేదా అంటే, నేను జపాన్ గెలవాలని కోరుకునేవాణ్ణి కాదు. చైనాలో, మలయాలో, బర్మాలో ఆ సైన్యం చేసింది తెలిసినవాళ్ళెవరూ ఆ యుద్ధం ఇంకో ఏడాది సాగాలని అనుకోరు. కాపలా ఓడలు దండిగా ఉంటే సాగేది. నూనె ఇంకొన్నాళ్ళు చేరేది, దానితో విమానాలు ఇంకొన్నాళ్ళు ఎగిరేవి. యుద్ధఫలితం మారేది కాదు, మధ్యలో పోయేవాళ్ళ లెక్క పెరిగేది.

కాన్వాయ్‌ల కోసం ఒక ప్రత్యేక కమాండు చివరికి 1943 నవంబరులో పెట్టారు. దానికి అధిపతిగా వేసింది ఎవర్నో కాదు, ఇనోవే పత్రం అందుకున్న ఆ ఓయికావానే. చేతికిచ్చింది ఎక్కువగా పాతబడ్డ డిస్ట్రాయర్లు, నాలుగు చిన్న విమానవాహక నౌకలు. ఆ నాలుగింటిలో మూడు మరుసటి ఏడాది ఆగస్టు, నవంబరు మధ్య జలాంతర్గాముల టార్పెడోలకే పోయాయి.